మా కాలమట! ఏ కాలం సామీ?

అనంతపురంలో వాన అదను తప్పుతుంది గానీ, 'మా కాలంలో' అనే ఉపన్యాసం ఎన్నడూ అదను తప్పదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు రాల్చాల్సిన ఆకాశాన్ని చూసి చూసి మెడ పట్టేసిన పెద్దాయన తల దించేసరికి, మోకాళ్ళ దగ్గర చినిగిన జీన్సుతో మనవడు ఎదురుగా నిలబడి ఉంటాడు. మబ్బు మీద అరిస్తే వినదు. ఎండిన బోరు మీద అరిస్తే పలకదు. బ్యాంకు మేనేజరు మీద అరిస్తే లోను రాదు. మనవడైతే చేతికందేంత దూరంలో ఉన్నాడు.

"యాందిరా అది, కుక్కలు పీకిన గోనెసంచి మాదిరి! మా కాలంలో మేం ఇట్ల తిరిగినామా? ఒక జత గుడ్డలు, రెండు పూటలా సంగటి. నోరెత్తితే ఒట్టు."

ధర్మవరం నుంచి ఉరవకొండ దాకా ఈ మాట వినబడని వాకిలి లేదు. నోటితో చెప్పే ఓపిక తగ్గినవాళ్ళకు ఈమధ్య వాట్సాప్ వసతి కూడా ఏర్పడింది. 'ఫోన్లు లేని కాలపు పిల్లలం మేం, అందుకే హాయిగా పెరిగాం' అనే సందేశం గులాబీ పువ్వు బొమ్మతో సహా పొద్దున ఆరింటికే ఫోన్‌లో దిగుతుంది. పంపినాయన రాత్రి పదకొండు దాకా రీల్స్ చూస్తూ పడుకోలేదని ఇంట్లోవాళ్ళే సాక్ష్యం చెబుతారు.

సరే, ఏ కాలమో తేల్చుకుందాం. పెద్దాయనకు అరవై అయిదు అనుకుంటే ఆయనకు పదిహేడేళ్ళు వచ్చింది 1977 ప్రాంతంలో. 'అడవి రాముడు', 'యమగోల' ఆడిన ఏడాది. బెల్‌బాటమ్ ప్యాంటు రాజ్యమేలిన రోజులు. తొడల దగ్గర ఊపిరాడనంత బిగువు, పాదాల దగ్గర వీధి ఊడ్చేంత వెడల్పు. చొక్కా కాలరు భుజాల మీద పరుచుకునేది, జుట్టు చెవుల్ని మింగేది. ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఫొటో తప్పకుండా ఉంటుంది, వెతకండి. వెనక తెర మీద తాజ్‌మహల్, ముందు ఒక కాలు స్టూలు మీద పెట్టి మన నిరాడంబర పెద్దాయన. ఆరోజు ఆయన నాయన అన్న మాట కూడా ఇంట్లో ఎవరికో ఒకరికి గుర్తుండే ఉంటుంది: "ఆ కాళ్ళకాడ ఏలాడే గుడ్డతో నీ తమ్మునికి నిక్కరు కుట్టియ్యొచ్చు గదరా, పోరంబోకు నా కొడకా!"

ఆ పోరంబోకే ఇప్పుడు న్యాయమూర్తి. మధ్యలో ఆయన కొడుకు కూడా ఒక శిక్ష అనుభవించాడు. 1994లో 'ప్రేమికుడు' చూసొచ్చి ప్రభుదేవా మాదిరి వదులు ప్యాంటు కుట్టించుకుంటే ఇంట్లో రెండు రోజులు అన్నం పెట్టలేదు. అదే వదులు ప్యాంటు ఇప్పుడు మనవడి ఒంటి మీదికి తిరిగొచ్చింది. 2017లో 'అర్జున్ రెడ్డి' గడ్డం, 2021లో 'పుష్ప' గడ్డం కింద చెయ్యి... ఇవి ఇంకా విచారణలో ఉన్నాయి, తీర్పు వచ్చేసరికి ఇప్పటి నేరస్థులే తాతలవుతారు.

ఆ 'ఒక జత గుడ్డల' మాటను మాత్రం కొంచెం దగ్గరగా చూడాలి. అది నిజమే. అబద్ధమల్లా, అది నిగ్రహం అని చెప్పుకోవడం. చెనిక్కాయలు నాలుగు బస్తాలు అమ్ముడుపోయిన ఏడాదే ఇంట్లో కొత్త గుడ్డ. టైలరు కొలత తీసుకునేది అప్పుడు ఎదురుగా నిలబడిన పిల్లోడికి కాదు, మూడేళ్ళ తర్వాత కాబోయే పిల్లోడికి. నిక్కరు అంచు నాలుగు వేళ్ళ మందం లోపలికి మడిచి కుట్టేవాడు. ఏడాదికొక మడత విప్పేవాళ్ళు. విప్పిన చోట ఎండ తగలని ముదురు ఖాకీ పట్టీ, దానిపైన ఉతికి ఉతికి తెల్లబడిన ఖాకీ, మధ్యలో పాత కుట్టు తాలూకు సూది బెజ్జాలు. నిక్కరు అంచు చూస్తే పిల్లోడు ఏ ఏడు ఎంత పెరిగాడో చెప్పేయొచ్చు. ఆ వెలిసిన రంగు, ఆ విప్పిన అంచు, ఆ అతుకు, ఆ చిరుగు ఇప్పుడు షోరూముల్లో అద్దాల వెనక వేలాడుతున్నాయి. పెద్దాయన ఉచితంగా అనుభవించిన దాన్ని మనవడు వెయ్యిన్నర పెట్టి కొంటున్నాడు. కోపం రావడం సహజమే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆయన చెప్పే కరువులో సగం ఆయనది కాదు. గంజి కేంద్రాల ముందు ముంతలు పట్టుకుని నిలబడింది 1950ల మొదట్లో, గంజి కరువులో, ఆయన నాయన. చెట్ల వేర్లు తవ్వుకు తిన్నది 1876 నాటి ధాత కరువులో, ముత్తాతలు. తాతలిచ్చిన చేను అమ్మేసుకున్నా, తాతలు పడిన పస్తులు మాత్రం ఈయన పేరు మీదికి మార్చుకున్నాడు. పట్టాదారు పాసుపుస్తకం ఒక్కటే తక్కువ.

ఇక ఆడపిల్లల దగ్గరికొస్తే ఉపన్యాసం రెండింతలవుతుంది. "మా కాలంలో ఆడపిల్లలు తల దించుకుని నడిచేటోళ్ళు" అంటారు. నెత్తిన ఒక బిందె, సంకన ఒక బిందె పెట్టుకుని బోరింగు కాడి నుంచి నడిచొచ్చే పిల్ల తల దించితే నీళ్ళన్నీ మొహాన పడతాయి. కాబట్టి ఈ సాక్ష్యం చెల్లదు. అసలు ఆ కాలంలో ఆడపిల్లకు యవ్వనపు ఫ్యాషన్ లేదనడం కంటే యవ్వనమే లేదనడం సబబు. పద్నాలుగు దాకా పావడా, రెండేళ్ళు ఓణీ, ఆపైన చీర, ఆపైన సంకలో బిందె స్థానంలో బిడ్డ. ఆడపిల్ల పెళ్ళి వయసు 18 అని 1978లో చట్టం సవరించారు. సవరణ ఢిల్లీలో బయల్దేరింది గానీ, మన ఊళ్ళకు బస్సు దొరకక చాలా ఏళ్ళు అక్కడే ఆగిపోయింది. ఇంకా దిగని ఊళ్ళున్నాయి.

పంజాబీ డ్రెస్సు ఈ ఊళ్ళకు వచ్చినప్పుడు ఎంత గొడవ! హైస్కూలు పక్కూళ్ళో ఉంది, సైకిలు మీద పోవాలి, ఓణీ చక్రంలో పడుతుంది. పిల్లల బాధ అది. పెద్దల బాధ సంస్కృతి. అదే పంజాబీ డ్రెస్సు ఇప్పుడు సంస్కృతి అయి కూర్చుంది. లెగ్గింగ్స్ వేసుకున్న పిల్లను ఆపి "సక్కంగా చుడీదార్ వేసుకోలేవా, మనది కాని గుడ్డ ఎందుకు?" అంటున్నారు. పంజాబు ఎప్పుడు మన తాలూకా అయిందో నాకు తెలియదు. ఇక ఈ హితవు చెప్పే అమ్మగారు పగలంతా వేసుకునేది నైటీ. దానిమీద ఒక టవలు కప్పితే అదీ సంప్రదాయమే.

ఆడపిల్ల నిక్కరు వేసుకుని ఆడితే పరువు పోతుందన్న వీధిలోనే, అనంతపురం స్పోర్ట్స్ విలేజ్‌లో ఆడిన పిల్ల కప్పు గెలిచొస్తే ఫ్లెక్సీ కడతారు. ఫ్లెక్సీలో పిల్ల బొమ్మ చిన్నది, కప్పు పెద్దది, ఊరి నాయకుడు అన్నిటికంటే పెద్ద.

ఫ్లెక్సీ అంటే గుర్తొచ్చింది, నిరాడంబర పెద్దలు జరిపే ఓణీల ఫంక్షన్ ఎప్పుడైనా చూశారా? కల్యాణ మండపం, ధర్మవరం పట్టుపావడా, తలపైన గిరికీలు కొట్టే డ్రోను, బ్యూటీపార్లర్ నుంచి వచ్చిన ఇద్దరు. పిల్ల ఎనిమిదో తరగతి. చుట్టాలంతా భోంచేసి వెళ్ళాక ఆ ఓణీ బీరువాలోకి పోతుంది, మళ్ళీ బయటికి రాదు. పిల్ల మర్నాడు టీషర్టు వేసుకుని ట్యూషన్‌కు పోతుంది. ఒక్కపూట కట్టే ఓణీకి అప్పు తెస్తే సంప్రదాయం, రోజూ వేసుకునే జీన్సుకు డబ్బులడిగితే దుబారా.

సంస్కృతి పేరెత్తేవాళ్ళు ఒకసారి లేపాక్షి గుడికి పోయి మెడ పైకెత్తాలి. ఎలాగూ అలవాటైన మెడే. 1530ల నాటి రంగుల బొమ్మల్లో చారలు, గళ్ళు, పువ్వుల అంచులు, ఒక చీరలాగ ఇంకో చీర ఉండదు. ఆడవాళ్ళ కొప్పులు, మగవాళ్ళ నెత్తిన పొడవాటి కుళ్ళాయిలు. ఆ కుళ్ళాయి ఏమీ మన మట్టిలో మొలిచింది కాదు, పడమటి ముస్లిం దర్బారుల నుంచి విజయనగరానికి దిగుమతైన షోకు. అంతకు వందేళ్ళ ముందే శ్రీనాథుడంతటివాడు కన్నడ రాజు కొలువు కోసం కుళ్ళాయి పెట్టుకోవాల్సి వచ్చిందని చాటుపద్యంలో వాపోయాడు. ఉద్యోగానికి డ్రెస్ కోడ్ బాధ అప్పుడే ఉందన్నమాట. ఇక ఈ సీమ నెత్తిన పెట్టుకునే వేమన సంగతి చెప్పనే అక్కర్లేదు. కదిరి దగ్గర కటారుపల్లిలో ఆయన సమాధికి దండం పెట్టి వచ్చేవాళ్ళకు, బొమ్మల్లో ఆ యోగి ఒంటి మీద నూలుపోగు ఉండదని తెలియదా? డ్రెస్ కోడ్ పెట్టిన ఏ కాలేజీ గేటు దగ్గరైనా వేమనను లోపలికి రానిస్తారేమో కనుక్కోండి.

పిల్లల్ని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. ఏప్రిల్‌లో నలభై డిగ్రీల ఎండలో, అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో, తల మీదిదాకా హుడీ లాక్కుని నిలబడే కుర్రాణ్ణి ఏ తర్కంతోనూ కాపాడలేం. 'నా స్టైలు నాది' అంటాడు, పక్కన నిలబడిన నలుగురిదీ అదే హుడీ, అదే క్రాఫు.

కానీ నీళ్ళ లెక్క తీస్తే న్యాయం కుర్రాడి వైపే. మన ఊళ్ళో గౌరవనీయుల యూనిఫాం తెల్లచొక్కా, తెల్లప్యాంటు. పూటకొక జత, రోజూ ఉతుకు, నీలిమందు, గంజి, ఇస్త్రీ. ఒకప్పుడు మనుషులకు దొరకని గంజి ఇప్పుడు చొక్కాలు తాగుతున్నాయి. కుళాయి నాలుగు రోజులకొకసారి వచ్చే వీధిలో ఈ తెలుపును నిలబెట్టేది ఎవరి చేతులో చెప్పనక్కర్లేదు. మనవడి జీన్సు నెల రోజులైనా నీళ్ళ మొహం చూడదు. కంపు కొడుతుందేమో, అది వేరే విషయం. కరువు సీమకు తగిన గుడ్డ ఏదంటే అదే. అయితే ఒంటి మీదికి రాకముందు అది తాగే నీళ్ళు వేరే. ఒక జత జీన్సు పుట్టిన దగ్గర్నుంచి చినిగేదాకా 3,800 లీటర్ల దాకా తాగుతుందని లివైస్ కంపెనీయే 2015లో లెక్క చెప్పింది. మూడింట రెండొంతులు పత్తి చేనికే. ఈ మాట పట్టుకుని మనవణ్ణి నిలదీయొచ్చు. కానీ ఏ పెద్దాయనా నీళ్ళు అడగడు, మోకాలి చిరుగే అడుగుతాడు.

ఆ చిరుగు ఎక్కడ పుట్టిందో చూద్దాం. 1873లో అమెరికాలో గనికూలీల ప్యాంటు జేబులు చినగకుండా రాగి రివెట్లు కొట్టే పనికి లివై స్ట్రాస్, జేకబ్ డేవిస్ పేటెంటు తీసుకున్నారు. చినగకూడదని పుట్టిన గుడ్డను చింపి అమ్మడం లోకం నేర్చుకున్నాక, ఆ పనిలో వాటా మన రాయదుర్గానికీ దక్కింది. రాయదుర్గం 1953 దాకా బళ్ళారి జిల్లా తాలూకా. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గీత గీసి ఇటు కలిపారు. ఆ గీత మనుషులకే గానీ జీన్సు గుడ్డకు లేదు. కటింగైన ముక్కలు గుడ్డపేలికతో కట్టలు కట్టి ఇళ్ళకొస్తాయి. ఒకామె జేబులు, ఒకామె జిప్పు, ఒకామె నడుంపట్టీ, ఒకామె లూపులు, అంతా పీసు లెక్క. కొత్త గుడ్డ నీలం వేళ్ళకంటుకుని, సబ్బుతో కడిగినా గోళ్ళ మొదట్లో మిగిలిపోతుంది. మిషన్ తొక్కలేని జేజి వాకిట్లో కూర్చుని పోగులు కత్తిరిస్తుంది. కుట్టిన సరుకులో చాలాభాగం ఉతుకుడుకు 50 కిలోమీటర్ల దాపున్న బళ్ళారి పోతుంది. అక్కడ తొడల మీద గరుకు కాగితంతో రుద్ది, మోకాళ్ళ దగ్గర మిషను చక్రం పెట్టి చింపి, డ్రమ్ముల్లో రాళ్ళేసి తిప్పి, పదేళ్ళు చేలో పనిచేసినట్టు తయారుచేస్తారు. నిజంగా పదేళ్ళు చేలో పనిచేసిన ప్యాంటుకు మాత్రం ఎవరూ రూపాయి ఇవ్వరు.

వేరుశనగ మొండిచేయి చూపిన ఏడాదల్లా ఈ మిషన్లు ఎన్ని పొయ్యిలు వెలిగించాయో రాయదుర్గంలో ఎవర్నడిగినా చెబుతారు. చేను ఇవ్వని కూడు చిరుగు పెట్టింది. అందుకని చిరుగు మీద ధర్మపన్నాలు చెప్పాలనుకునే పెద్దలకు నాదొక విన్నపం. మనవడి ముందు వద్దు. మంచి తెల్లచొక్కా వేసుకుని రాయదుర్గం పోయి, మిషన్లు ఆడే ఏ ఇంట్లోనైనా గుమ్మంలో నిలబడి, "మా కాలంలో" అని మొదలుపెట్టండి. ఆమె తల కూడా ఎత్తదు.

"జరుగప్పా, ఎలుతురు అడ్డమొస్తాండావు. సాయంత్రానికి యాభై పీసులు ఈవల్ల."