ఇన్‌చార్జి యాంటీబయాటిక్

ఏటా నవంబరు 18 నుంచి 24 దాకా మన దవాఖానల్లో క్రిములకు సెలవులు. యాంటీబయాటిక్ మందులకు అవి లొంగకుండా పోతున్నాయని, ఆ వారమంతా దాని మీద అవగాహన పెంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. చెప్పిందే తడవుగా ఫ్లెక్సీకి ఆర్డరు పోతుంది. ఫ్లెక్సీ మీద పెద్దల ఫొటోలు వరుసగా ఉంటాయి. కింద మూలకు ఒక ఆకుపచ్చ క్రిమి బొమ్మ. ఆ బొమ్మ పెద్దల ఫొటోల కంటే పెద్దగా ఉండరాదు, అది ప్రోటోకాల్.

ఆ తర్వాత ర్యాలీ. నర్సింగ్ పిల్లలు ప్లకార్డులు పట్టుకొని గేటు నుంచి చౌరస్తా దాకా పోయి, ఫొటో దిగి వస్తారు. ప్రతిజ్ఞ, ఉపన్యాసం, సమోసా, చాయ్. చివర క్విజ్. "జలుబుకు యాంటీబయాటిక్ పనిచేస్తుందా?" హాలంతా ఒకటే గొంతు: "చేయదు!" ఎందుకు చేయదు? "జలుబు వైరస్‌తో వస్తది, యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదనే పనిచేస్తది!" చప్పట్లు. మొదటి బహుమతి ఒక హౌస్ సర్జన్‌కు. అదే పిల్లగాడు చాయ్ తాగి ఓపీలో కూర్చొని, మొదటి సర్దికే అజిత్రోమైసిన్ 500 రాసిండు, మూడు రోజులకు. ఇదేంది డాక్టర్ సాబ్ అంటే, "అది క్విజ్ సార్, ఇది ఓపీ" అన్నడు.

ఆ వారం మొత్తంలో అంత నిజాయితీగల మాట వేదిక మీద ఎవరూ అనలేదు.

అవగాహన లేదని అసలు ఎవరన్నారు? దవాఖాన సిబ్బందికి ప్రశ్నపత్రాలు పంచి చేసే సర్వేలు మన దేశంలో వస్తూనే ఉంటాయి. జ్ఞానం బాగానే ఉంది, ఆచరణే అంతంతమాత్రం అని చాలావాటిలో తేలుతుంది. అందుకు విరుగుడుగా ఆఖరి పేరాలో ఏం రాస్తారంటారా? సిబ్బందికి మరింత అవగాహన కల్పించాలని.

హౌస్ సర్జన్‌ను చూసి నవ్వడం తేలిక. అతని కుర్చీలో కూర్చొని చూడాలె. ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి, మహబూబాబాద్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు వరండా దాకా నిలబడి ఉంటారు. ఈ సర్ది దానంతట అదే పోతుంది అవ్వా, గోరువెచ్చని నీళ్లు తాగు అని చెప్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది, గోలీ రాయడానికి అర నిమిషం. పైగా ఐదు నిమిషాలు చెప్పినాక అవ్వ ఏమంటుంది? "నీళ్లు తాగుమని చెప్పనీకేనా బిడ్డా, గింత దూరం రప్పిచ్చింది?" అంటుంది. పోనీ రాయకుండా పంపిస్తే, రేపు ఆ జరం న్యుమోనియా అయితే? జరం రోగిది, భయం డాక్టరుది. మందు వేసేది భయానికి, మింగేది మాత్రం రోగి.

నన్నడిగితే, మన దవాఖానల్లో ఖాళీగా ఉన్న పోస్టులన్నింటికీ ఇన్‌చార్జి యాంటీబయాటిక్. రోగికి నాలుగు మాటలు చెప్పేవాళ్లు లేరా, ఇన్‌చార్జి ఉన్నాడు. వార్డు కుళాయిలో నీళ్లు రావడం లేదా, సబ్బు అయిపోయిందా, ఒక మంచం మీద ఇద్దరు పడుకున్నారా, అన్నింటికీ ఆయనే. ఆదివారం ల్యాబ్ మూసి ఉందా, ఆయనకు ఆదివారం లేదు. జీతం అడగడు, ధర్నా చేయడు, బదిలీకి పైరవీ చేయడు. ఒక్కటే చిక్కు: ఎంత ఎక్కువ పని చెబితే అంత తొందరగా పనికిరాకుండా పోతాడు, రిటైరయ్యాక తిరిగి రాడు.

ఆపరేషన్ల సంగతి చూడండి. పుండు చీము పట్టకుండా, కోత పెట్టడానికి ముందు గంటలోపు ఒక డోసు ఇవ్వాలి. చాలా ఆపరేషన్లకు అదే సరిపోతుంది, సిజేరియన్‌కు కూడా. ఇది పుస్తకం. కేస్ షీట్ వేరే చెబుతుంది: ఐదు రోజులు పొద్దున, రాత్రి సూదులు, ఇంటికి పోయేటప్పుడు మరో ఐదు రోజులకు గోలీలు. ఎందుకు సార్ అంటే "మన థియేటర్ సంగతి మీకు తెలియదా" అంటారు. తెలుసు. థియేటర్ సంగతి తెలిసినవాళ్లు థియేటర్‌ను బాగుచేయాలి గాని, బాలింతకు సూదులు పొడిస్తే ఎట్లా?

ఇక కల్చర్ పరీక్ష. మందు మొదలుపెట్టకముందే రక్తమో మూత్రమో తీసి ల్యాబ్‌కు పంపితే, రెండు మూడు రోజుల్లో ఏ క్రిమి, ఏ మందుకు లొంగుతుంది అన్నది తేలుతుంది. అవగాహన సదస్సులో ముందు వరుసలో కూర్చోబెట్టిన స్టాఫ్ నర్సుకు ఇది కంఠతా వచ్చు. ఆమె నైట్ డ్యూటీలో ఈ మాట అన్నదనుకోండి: "సార్, కల్చర్‌కు ఇంకా తీయలేదు." జవాబు: "ముందు మెరోపెనెం పెట్టేయండి సిస్టర్, పొద్దున చూద్దాం." పొద్దున తీసిన రక్తంలో ఏమీ మొలకెత్తదు, రాత్రే ఆ బలమైన యాంటీబయాటిక్ ఎక్కింది కదా. రిపోర్టులో 'పెరుగుదల లేదు' అని వస్తుంది. దాన్ని చూసి మందు ఆపుతారా అంటే, మందు పనిచేస్తోందని ఇంకో వారం పొడిగిస్తారు. అదృష్టం బాగుండి ముందే తీసినా, రిపోర్టు వచ్చేసరికి రోగి ఇంటికి పోయి ఉంటాడు, లేదా హైదరాబాద్‌కు. రిపోర్టు మాత్రం ఫైలుకు అంటుకుంటుంది. మందు రాసే అధికారం లేని మనిషికి ఏటా అవగాహన కల్పించి, ఆమె అన్న ఒక్క మాట వినకపోవడం మన ప్రత్యేకత.

2022 మార్చి నెలాఖరున వరంగల్ ఎంజీఎం దవాఖాన శ్వాసకోశ ఐసీయూలో రోగిని ఎలుకలు కొరికాయి. పేపర్లన్నీ రాశాయి, టీవీలన్నీ చూపించాయి, సూపరింటెండెంట్‌ను బదిలీ చేశారు, ఇద్దరు డాక్టర్లను సస్పెండ్ చేశారు. ఎలుక చేసిన తప్పల్లా కంటికి కనిపించడం. మందుకు లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఏ ఐసీయూలో ఎవరిని కొరికినా ఎవరికీ బదిలీ ఉండదు. మరణ కారణం దగ్గర 'గుండె, శ్వాస ఆగిపోవుట' అని రాస్తారు. గుండె ఆగకుండా చచ్చినవాళ్లు ఇప్పటిదాకా లేరు కాబట్టి అది అబద్ధం కాదు.

ఆ కొరుకుళ్ల లెక్క మనకు బయటివాళ్లు చెప్పాలి. 2019 ఒక్క ఏడాదిలో మందులకు లొంగని బ్యాక్టీరియా కారణంగా మన దేశంలో పోయిన ప్రాణాలు 2.97 లక్షలు అని అంతర్జాతీయ పరిశోధకులు అంచనా కట్టారు. అదే 2019లో దేశంలోని ప్రైవేటు మార్కెట్లో అందరికంటే ఎక్కువ అమ్ముడైన యాంటీబయాటిక్ గోలీ ఏది? అజిత్రోమైసిన్ 500. మన హౌస్ సర్జన్ ఒంటరివాడు కాడు.

మళ్లీ వరంగల్‌కే వద్దాం. ఇక్కడి పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల దవాఖానకు 2021 జూన్ 21న శంకుస్థాపన చేశారు. ఎన్ని అంతస్తులు, ఎన్ని పడకలు అన్నది ఓరుగల్లులో చిన్నపిల్లలు కూడా చెబుతారు. మంచానికి ఎంత దూరంలో చేతులు కడిగే కుళాయి ఉంటుందన్నది ఏ సభలోనూ, ఏ పార్టీ వాళ్లూ చెప్పగా నేను వినలేదు. ఒక రోగిని ముట్టుకున్న చేత్తో ఇంకో రోగిని ముట్టుకునే ముందు కడుక్కోమని వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు 1847లో మొత్తుకున్నాడు. ఆయన్ను తోటి డాక్టర్లు ఎగతాళి చేశారు. మనం అంత మొరటువాళ్లం కాము. ఆయన చెప్పింది నిజమే అని ఒప్పుకుంటాం, కుళాయి మాత్రం పెట్టం.

దవాఖాన బయటివాళ్ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఊళ్లో ఆర్‌ఎంపీ, మందుల దుకాణం, పక్కింటివాళ్లు మిగిల్చిన గోలీలు. బలమైన యాంటీబయాటిక్‌లు సహా 46 మందులను షెడ్యూల్ హెచ్1లో పెట్టి, డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలన్న నిబంధన 2014 మార్చి 1 నుంచి ఉంది. కేరళలోనైతే 2024 జనవరిలో డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు అమ్మే దుకాణాల మీద 'ఆపరేషన్ అమృత్' పేరుతో తనిఖీలకు దిగారు. ఇక మన తెలంగాణ మందుల తయారీలో దేశానికే పెద్దన్న. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురికినీటిని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. మందు మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. శుద్ధి చేశాక అంత!

మందులకు లొంగని క్రిముల మీద ఢిల్లీలో జాతీయ ప్రణాళికలూ ఉన్నాయి. మొదటిది 2017 నుంచి 2021 దాకా. రెండోదాన్ని 2025 నవంబరు 18న విడుదల చేశారు, 2029 దాకా. మధ్యలో ఖాళీ ఏళ్లలో క్రిములు ఏ ప్రణాళికా లేకుండానే పని నడుపుకున్నాయి.

అయ్యా సూపరింటెండెంట్ గారూ, ప్రైవేటు దవాఖానల డైరెక్టర్ గారూ, ఒక మనవి. వచ్చే నవంబరులో ఫ్లెక్సీ డబ్బులు మిగిల్చి ఒక నల్లబల్ల కొనండి. పోయిన నెలలో స్టోర్ నుంచి ఎన్ని మెరోపెనెం వయల్స్ బయటికి పోయాయి, మొదటి డోసుకు ముందే ఎంతమందికి కల్చర్ తీశారు, ఎన్ని కుళాయిల దగ్గర నీళ్లూ సబ్బూ రెండూ ఉన్నాయి — ఈ మూడు అంకెలు రాసి, రోగుల బంధువులకు కనపడేటట్టు గేటు దగ్గర పెట్టండి. కల్చర్ తీయలేదని చెప్పిన సిస్టర్ మాట వినకుండా మందు పెట్టించిన డాక్టరు, ఎందుకు వినలేదో కేస్ షీట్‌లో ఒక్క వాక్యం రాయాలని ఆర్డరు వేయండి. ర్యాలీ తీసినా తీయకపోయినా ఫర్వాలేదు.

రోగులకూ ఒక మాట. యాంటీబయాటిక్ రాస్తే అది ఏ జబ్బుకో చీటీ మీద స్పష్టంగా రాయాలని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ 2024 జనవరిలో డాక్టర్లకు లేఖ రాశారు. మీ చీటీ తీసి చూడండి. కారణం రాసి లేకపోతే, కౌంటరు దగ్గరికి పోయేముందు వెనక్కి తిరిగి, ఇది దేనికి సార్, ఎన్ని రోజులు అని అడగండి.