కత్తి లేని కోత

పుల్లైసు అదేపనిగా చప్పరించే పసిబిడ్డల బుగ్గల్లో ఎర్రటి గడ్డలు కడతాయని, లోపలి కొవ్వు చలికి దెబ్బతినడమే దానికి కారణమని 1970లో ఇద్దరు అమెరికా వైద్యులు రాశారు. చలిని చర్మం ఓర్చుకుంటుంది, దాని కిందున్న కొవ్వు ఓర్చుకోలేదు. అంతే సంగతి. తల్లుల్ని పిలిచి, పిల్లలకు పుల్లైసు తగ్గించమని చెబితే సరిపోయేది. కానీ బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో డీటర్ మాన్‌స్టీన్, రాక్స్ ఆండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ కిటుకు పట్టుకుని పందుల మీద ప్రయోగాలు చేశారు. 2010లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నడుము పక్క మడతలకు ఆ కిటుకుతో చేసిన యంత్రాన్ని అనుమతించింది. 2012లో పొట్టకు, తర్వాత తొడలకు, ఆపైన గడ్డం కిందికి. ఒంట్లో ఒక్కో పేటకు ఒక్కో పర్మిట్టు. పిల్లలకు వద్దన్న చలిని ఇప్పుడు తల్లులకే వేల రూపాయలకు అమ్ముతున్నారు. జూబ్లీహిల్స్ నుంచి విజయవాడ బెంజి సర్కిల్ దాకా ఎక్కడ తలెత్తినా ‘ఫ్యాట్ ఫ్రీజింగ్’ బోర్డే.

బోర్డు మీది హామీలన్నీ ‘లేదు’తోనే ముగుస్తాయి. కత్తి లేదు, కుట్టు లేదు, మత్తు లేదు, మంచం లేదు. డాక్టరు మాత్రం ఉన్నారు, రిసెప్షన్ వెనక గోడ మీద ఫొటోలో. లోపల మనతో మాట్లాడేది కౌన్సెలర్, యంత్రం పెట్టేది టెక్నీషియన్, కార్డు గీకేది ఇంకొకరు.

యంత్రం బూటకం అని నేననడం లేదు. మడతను కప్పులోకి లాక్కుని, ముప్పావుగంటో గంటో చల్లగా పట్టి ఉంచుతుంది. కొవ్వు కణాలు గడ్డకట్టి చచ్చిపోతాయి. వాటిని ఒళ్ళు రెండు మూడు నెలల్లో మెల్లగా ఊడ్చేసుకుంటుంది. ఒక సిట్టింగుకు ఆ చోటి కొవ్వు పొర మందంలో 20 నుంచి 25 శాతం తగ్గుతుంది. పిడికిట్లో పట్టిన మడతలో పావు వంతన్న మాట. తూకం మిషన్ మీద ముల్లు కదలదు. కదులుతుందని యంత్రం చేసినవాళ్ళు కూడా అనలేదు. అమ్మేవాళ్ళు అన్నారేమో, అది వేరే సంగతి.

ఇక చర్మం. కరపత్రంలో అన్నిటికన్నా నిజాయతీ గల వాక్యం దాని గురించే ఉంది: చర్మానికి ఏమీ కాదు. చాలావరకు నిజం. సాధారణంగా చెడూ జరగదు, మంచీ జరగదు. నిన్నెంత వదులుగా ఉందో ఇవాళా దాదాపు అంతే, కాకపోతే నిన్నటిదాకా దాన్ని లోపలి నుంచి నింపి నిలబెట్టిన సరుకు ఇవాళ లేదు. దిండులోంచి దోసెడు దూది తీసేసి, గలీబు తనంతట తనే కుదించుకుంటుందని ఎదురుచూడమంటున్నారు.

చర్మం గలీబులా జీవం లేనిది కాదు కదా, కుంచించుకోదా అని అడగొచ్చు. కుంచించుకుంటుంది, సత్తువ ఉంటే. చర్మానికి బలం కొలాజెన్, సాగి తిరిగి ముడుచుకునే గుణం ఎలాస్టిన్. ఈ ఎలాస్టిన్‌ను ఒళ్ళు తల్లి కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ తయారుచేసుకుని, ఆ తర్వాత దాదాపు చేతులెత్తేస్తుంది. ఎండ, సిగరెట్టు, వయసు ఉన్నదాన్ని కొరుక్కు తింటాయి. తొమ్మిది నెలలు సాగిన పొట్ట మీద మిగిలే చారలు లోపల ఆ పోగులు తెగిన గుర్తులే. ఏ చలి యంత్రమూ వాటిని ముడివేయలేదు. చర్మం కొద్దిగానే వదులైన వాళ్ళలో కాస్త బిగువు కనబడిందని చెప్పే వైద్యులు ఉన్నారు, కాదనను. ఆ ‘కాస్త’ను పట్టుకుని బోర్డు మీద బారెడు అక్షరాలతో ‘టైట్’ అని రాయడం దగ్గరే నా పేచీ.

ఇంతకీ ఈ చికిత్స బాగా నప్పేదెవరికి? చర్మం బిగుతుగా ఉండాలి, బరువు ఉండాల్సిన దగ్గర్లోనే ఉండాలి, ఎంత నడిచినా కరగని చిన్న మడత ఒకటి మొండికేసి కూర్చుని ఉండాలి. అంటే జీన్స్ పైన అర అంగుళం పొంగిందని బెంగపడే ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడికో కుర్రదానికో అద్భుతంగా పనిచేస్తుంది. మార్కులన్నీ వచ్చేసినవాళ్ళకే గ్రేస్ మార్కులు కలిపే పరీక్ష ఇది. తలుపు తోసుకుని వచ్చేదేమో ఇద్దరు పిల్లల తల్లి. రెండు సిజేరియన్లు, బొడ్డు కింద వేలాడే మడత, నడుమ ఎడమైన పొట్ట కండరాలు. ఆమె పొట్ట ముందుకు రావడానికి ఒక కారణం ఆ కండరాల ఎడం, ఇంకొకటి సాగిన చర్మం. కొవ్వు వాటా మిగిలినదే. డబ్బు మాత్రం మొత్తం పొట్టకూ కట్టించుకుంటారు.

మగవాళ్ళ ముచ్చట ఇంకోరకం. చాలామంది మనవాళ్ళ పొట్ట చేత్తో పట్టుకుంటే మడత అందదు, గట్టిగా ఉంటుంది. ఆ కొవ్వు కండరాల వెనక, పేగుల చుట్టూ కాపురముంటుంది. కప్పు దాన్ని చేరలేదు. షుగరు తెచ్చిపెట్టేది ముఖ్యంగా ఆ కొవ్వే, దాన్ని ఏ ఆఫరూ ముట్టుకోదు.

మూడు నెలలు గడుస్తాయి. ఆ తల్లి అద్దంలో చూసుకుని మళ్ళీ వెళ్తుంది. లోపల జరిగే సంభాషణ ఇంచుమించు ఇలా ఉంటుంది.

“ఫ్యాట్ బాగా తగ్గింది మేడమ్. ఇప్పుడు మీకు కనిపిస్తున్నది స్కిన్.”

“ఈ స్కిన్ ఇంతకుముందు లేదామ్మా?”

“ఉంది మేడమ్. ఫ్యాట్ సపోర్ట్ చేసేది.”

“మరి ఆ సపోర్టు తీసేముందు చెప్పలేదేం?”

“ఇప్పుడు చెప్తున్నాం కదా మేడమ్. టైటెనింగ్ ఆరు సిట్టింగులు. పాత క్లయింట్ కాబట్టి మీకు దసరా ఆఫర్ వేస్తాను. ఈఎంఐ కూడా ఉంది.”

ఈ వ్యాపారంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. వదులు చర్మాన్ని మనం దుష్ఫలితం అనుకుంటాం. వాళ్ళ లెక్కలో అది రెండో సరుకు. మొదటి బిల్లే రెండో బిల్లుకు పునాది వేస్తుంది. ఏ కిరాణా కొట్టువాడూ ఇంత తెలివిగా అమ్మలేడు, పాపం. వాడు అమ్మిన బియ్యం తింటే ఆకలి తీరిపోతుంది.

మొదట గడ్డకట్టించారు కాబట్టి ఇప్పుడు వేడి చేస్తారు. రేడియో ఫ్రీక్వెన్సీ, హైఫూ అనే అల్ట్రాసౌండ్, సూదులతో కలిపి ఒకటి, సూదులు లేకుండా ఒకటి. సూత్రం పాతదే: 60, 65 డిగ్రీల వేడికి కొలాజెన్ పోగులు ముడుచుకుంటాయి, ఆ గాయం మాన్చుకోబోయి ఒళ్ళు కొత్త కొలాజెన్ నేస్తుంది. ఆ నేత పూర్తవడానికి మూడు నుంచి ఆరు నెలలు. ఇదీ అబద్ధం కాదు. పలచటి ముడత కొంత సర్దుకుంటుంది. వేలాడే చర్మం మాత్రం వేలాడుతూనే ఉంటుంది. ఎందుకంటే అక్కడ చర్మం వదులవడం ఒక్కటే కాదు జబ్బు, అది అవసరానికి మించి ఉంది. మిగులు గుడ్డను ఇస్త్రీ పెట్టి మాయం చేసిన దర్జీని నేనింకా చూడలేదు. ఆరు నెలల గడువు మాత్రం కౌన్సెలరుకు బాగా కలిసొస్తుంది. ఫలితం రాలేదని అడిగితే “ఇంకా టైముంది మేడమ్”, టైము దాటాక అడిగితే “మీరు మెయింటెనెన్స్ సిట్టింగులకు రాలేదు మేడమ్.”

పైగా ముఖం బిగించబోయి ఈ వేడి లోతు తప్పితే బుగ్గల్లో ఉండాల్సిన కొవ్వు కరిగిపోతుంది. నలభై ఏళ్ళ ముఖానికి యాభై ఏళ్ళ గుంటలు. పొట్టలో వద్దన్న కొవ్వును ఒక గదిలో తీసి, బుగ్గలో కావలసిన కొవ్వును పక్క గదిలో కరిగించి, పోయిన బుగ్గకు ఫిల్లరు నింపడానికి మూడో గదికి పంపుతారు. ఒకే కప్పు కింద అన్ని సౌకర్యాలూ అంటే ఇదే. ఇవి చాలవని కండరాలకు అయస్కాంత యంత్రం కూడా ఉంది: పడుకుంటే చాలు, అరగంటలో ఇరవై వేల సంకోచాలు చేయిస్తామని ప్రచారం. బడిలో వంద గుంజీలకే ఏడ్చినవాళ్ళం, వినగానే పడిపోతాం. చర్మానికి దాంతో ఏం సంబంధమని అడిగే తీరిక ఎవరికి?

డబుల్ చిన్‌కు ఇంజెక్షన్ కథా అంతే. మన పైత్యరసంలో ఉండే డీఆక్సీకోలిక్ ఆమ్లమే అది. 2015లో ఎఫ్‌డీఏ ఆమోదించింది. గడ్డం కింద ఒక సిట్టింగులో యాభై పొడుపుల దాకా వేయొచ్చు, అలాంటివి ఆరు సిట్టింగుల దాకా. చర్మం మరీ వదులుగా ఉన్నవాళ్ళ విషయంలో జాగ్రత్తగా ఆలోచించమని ఆ మందుతో వచ్చే కాగితంలోనే ఉంది. ఆ కాగితం ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఆఫరు మాత్రం తెలుగులో, ఫ్లెక్సీ సైజులో ఉంటుంది.

కత్తి లేదన్నారు కదా, కత్తి చివరికి ఎక్కడ ప్రత్యక్షమవుతుందో కెనడా మోడల్ లిండా ఇవాంజలిస్టాను చూస్తే తెలుస్తుంది. 1990లలో ప్రపంచాన్ని ఏలిన అందగత్తె. కొవ్వు గడ్డకట్టించుకుంటే, చావాల్సిన కొవ్వు చావకుండా అక్కడే బలిసి గట్టిపడింది. అరుదైనదే, కానీ వైద్యులు 2014లోనే పేరు పెట్టి నమోదు చేసిన దుష్ఫలితం. సరిచేయడానికి రెండుసార్లు శస్త్రచికిత్స చేయించుకున్నా ఫలించలేదని 2021లో ఆమే ప్రకటించి, ఐదు కోట్ల డాలర్లకు దావా వేశారు. 2022లో యంత్రం చేసిన కంపెనీతో రాజీ కుదిరింది. కెమెరా ముందు బతికిన మనిషి ఏళ్ళ తరబడి ఇంట్లో దాక్కున్నారు. కరపత్రంలో ‘అరుదు’ అని ఉన్న మాట ఆమె ఒంటి మీద వచ్చి కూర్చుంది.

మనకు తెలియక కాదు. బరువు తగ్గిస్తామనే క్లినిక్‌ల మాయను 2015లోనే ‘సైజ్ జీరో’ సినిమా చూపించింది, దానికోసం కథానాయిక అనుష్క నిజంగానే బరువు పెరిగారు. చట్టమూ ఉంది. స్థూలకాయాన్ని నయం చేస్తామంటూ మందుకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. వైద్యుడు రోగుల కోసం ప్రకటనలు ఇచ్చుకోకూడదని 2002 నాటి నియమావళి చెబుతోంది. అందుకే ప్రకటన వైద్యుడు ఇవ్వడు, ‘వెల్‌నెస్ సెంటర్’ ఇస్తుంది. అది స్థూలకాయం అనదు, ‘ఇంచ్ లాస్’ అంటుంది. అంగుళాలకు ఆ చట్టంలో చోటు లేదు మరి. 2025లో బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు కూడా మన దేశంలో దిగాయి. ఇన్నాళ్ళూ ఈ సెంటర్లే కొవ్వు తీసి వదులు చర్మాన్ని తయారుచేసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడది వేరేచోట తయారై నడిచొస్తోంది.

వేలాడే చర్మానికి మందు ఉంది. ప్లాస్టిక్ సర్జన్ నడుము ఈ కొస నుంచి ఆ కొస దాకా కోసి, మిగులు చర్మం తీసి, ఎడమైన కండరాలు దగ్గరికి కుట్టి, బొడ్డుకు కొత్త చోటు చూపిస్తాడు. వారాల విశ్రాంతి, జన్మంతా ఉండే మచ్చ, రక్తం గడ్డకట్టడం లాంటి అసలైన ప్రమాదాలు. అందం కోసమైతే బీమా కూడా పైసా ఇవ్వదు. ఇంత భయపెట్టి మరీ చెబుతాడు కాబట్టే ఎవరూ ముందు అతని దగ్గరికి పోరు. ఎనిమిది ఫ్రీజింగ్ సిట్టింగులు, ఆపై ఆరు టైటెనింగ్ సిట్టింగులు, అన్ని ఈఎంఐలూ అయ్యాక పోతారు. లేదా చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని ఇంట్లో ఉండిపోతారు.

కాబట్టి ప్రభుత్వానికి నాదొక విన్నపం. కొత్త చట్టం అక్కర్లేదు. గోడ మీద ప్రతి ‘ఆఫ్టర్’ ఫొటో పక్కన ఇంకో ఫొటో తప్పనిసరి చేయండి: అదే మనిషి, అదే లైటు, ఊపిరి బిగబట్టకుండా, చెప్పు బకిల్ పెట్టుకుంటున్నట్టు ముందుకు వంగి. నిటారుగా నిలబడితే దాక్కునే చర్మమంతా వంగితే బయటపడుతుంది. అందుకే వంగి దిగిన ఆఫ్టర్ ఫొటో ఈ వ్యాపారంలో నాకింతవరకు తారసపడలేదు. దాంతోపాటు డబ్బు కట్టకముందే ఇచ్చే కాగితంలో ఒక వాక్యం: ‘ఈమె చర్మాన్ని గిల్లి చూశాను, వంచి చూశాను, కొవ్వు తీస్తే ఇది ఇంకా జారవచ్చని చెప్పాను.’ కింద సంతకం కౌన్సెలరుది చెల్లదు, డాక్టరుదే ఉండాలి. ఆయన గోడ దిగి వస్తే.