కాడి లేచిన బండి

మా సీమలో మోటారుసైకిలు కొనేది బరువు కోసం. మైలేజీ అడిగేవాడు స్ప్లెండర్ కొంటాడు. 112 కిలోలు, జొన్నల మూట మాదిరి ఎక్కడ పెడితే అక్కడ పడుంటుంది. కాస్త పొలం, కాస్త కాంట్రాక్టు, కాస్త మీసం ఉన్నవాడికి అది ఆనదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియార్ 191 కిలోలు, దాని అన్న సూపర్ మీటియార్ 241. షోరూము బయట నిమ్మకాయలు తొక్కించి, కొండారెడ్డి బురుజు చుట్టూ ఒక ప్రదక్షిణ కొట్టించి, ఇంటి అరుగు పక్కన నిలబెట్టి, వచ్చిన చుట్టంతో “ఒకసారి జరిపి చూడప్పా” అంటారు. జరగదు. జరగకపోవడమే దాని గొప్ప.

అట్లాంటి బండి ముందు చక్రాన్ని మూడో నెలలోనే గాల్లోకి లేపాలని ఆ ఇంటి పిల్లోడు కంకణం కట్టుకుంటాడు. బరువుకు డబ్బు కట్టింది నాయన, అది బరువే కాదని రుజువు చేసేది కొడుకు. వాయిదాలు మాత్రం ఇంకా 33 ఉంటాయి.

సాధనకు చోటు కొదవలేదు. కర్నూలు బయటా, కడప బయటా రాళ్లు పాతి, కమాను కట్టి, రంగు జెండాలు ఎగరేసిన వెంచర్లు ఎన్నైనా ఉన్నాయి. వాటిలో ఇళ్లు లేవలేదు, చక్రాలు లేస్తున్నాయి. అక్కడ రెండు అంగుళాలు లేచిందంటే మరుసటి రోజు నంద్యాల మీదుగా కడపకు పోయే హైవే మీదే పరీక్ష. గురువు ఫోన్లో ఉంటాడు. ఆయన పాఠం ముప్పై సెకన్లు: రైజ్ చెయ్, క్లచ్ వదులు, వెనక్కి వాలు. నాలుగో మెట్టు, అంటే దిగడం ఎట్లాగన్నది, తరవాతి వీడియోలో చెప్తానంటాడు.

నిజానికి ఇట్లా ముందు భాగం లేపే వీలీ మాకు కొత్త కాదు. ఎద్దుల బండికి చెనిక్కాయ మూటలు వెనక తట్టు ఎక్కువేస్తే కాడి పైకి లేస్తుంది. మెడపట్టెడలు గొంతుకు బిగిసి ఎద్దులు గుడ్లు తేలేస్తాయి. అప్పుడు ఊరు చప్పట్లు కొట్టేది కాదు. “బండికి బరువెయ్యడం రాని నా కొడుకెవడ్రా” అని తోలేవాడి మూడు తరాలను తలుచుకునేది. మా తాతలకు తిట్టు తెచ్చిన పనే మనవళ్లకు లైకులు తెస్తోంది.

అప్పుడూ ఇప్పుడూ బరువు వెనక్కి పోతేనే ముందు లేచేది. మోటారుసైకిల్లో వెనక చక్రం నేలను తన్ని బండిని ముందుకు తోసినప్పుడు ఆ తోపుకు ముందు భాగం తేలికవుతుంది. బరువు ఎత్తులో ఉండి, వెనక చక్రానికి దగ్గరగా ఉంటే తొందరగా లేస్తుంది. మీటియార్ లాంటి క్రూయిజర్‌ను గీసిన ఇంజనీరు పనిగట్టుకుని దీనికి ఎదురు చేశాడు. సీటు కిందికి దించాడు, ముందు చక్రాన్ని దూరంగా చాపాడు. సూపర్ మీటియార్‌కు రెండు చక్రాల నడుమ మీటరున్నర ఉంది. చక్రం నేలను వదలకూడదనే ఆ పెద్దమనిషి అంత కష్టపడ్డాడు. మీటియార్ ఇంజను బలం 20 గుర్రాలు, అవి కూడా పెళ్లి ఊరేగింపు గుర్రాలు. వాటితో లేవదు కాబట్టి ఇంజనును అరిపించి క్లచ్‌ను ఒక్కసారిగా వదలాలి. అప్పుడు ముందుగా లేచేది క్లచ్ ప్లేట్ల కమురు వాసన.

ఏదో ఒకనాడు లేస్తుందనే అనుకుందాం. చక్రం గాల్లో ఉన్నంతసేపు హ్యాండిల్ దేన్నీ తిప్పదు, ముందు బ్రేకు దేన్నీ ఆపదు. రాత్రయితే హెడ్‌లైటు సప్తర్షి మండలానికి దారి చూపిస్తుంది, ఎదురుగా వచ్చే గొర్రెల మందకు కాదు. వెనక బ్రేకు మీద కాలు లేకపోతే ఆ 191 కిలోలు వచ్చి గుండె మీద కూర్చుంటాయి. అదృష్టం బాగుండి ముందుకే దిగితే ఫోర్క్ ఆయిల్ సీళ్లు కన్నీళ్లు పెట్టుకుంటాయి, కోన్‌సెట్టు కటకటమంటుంది. “గుంతలో పడిందన్నా” అని పిల్లోడు చెప్తే మెకానిక్కు తలూపుతాడు. మా రోడ్ల పుణ్యమా అని ఆ అబద్ధం ఇట్టే అతుకుతుంది.

“ఇది స్పోర్టు అంకుల్, మీకు తెలీదు” అంటారు. స్పోర్టే, కాదనను. ఆ ఆట ఆడేవాళ్లు తేలికపాటి బండ్లు తీసుకుని, వెనక్కి పడకుండా తోక దగ్గర ఇనుప కడ్డీ బిగించి, వెనక బ్రేకును చేతికి తెచ్చుకుని, జనం రాని చోట, ఒంటినిండా తొడుగులతో ఏళ్ల తరబడి నేర్చుకుంటారు. మనవాడి కవచం బనీను, హవాయి చెప్పులు. 2023 సెప్టెంబరులో కాంచీపురం దగ్గర హైవే మీద హయబుసాను లేపబోయి ఎగిరిపడ్డ యూట్యూబర్ టీటీఎఫ్ వాసన్ కూడా తొడుగులన్నీ వేసుకున్నవాడే. చెయ్యి విరిగింది, జైలుకు పోయాడు, లైసెన్సు పదేళ్లు పోయింది. దాదాపు 190 గుర్రాల బండి మీద ఆ ముచ్చట.

ఇంకొందరు పౌరుషం అంటారు. సీమ రక్తమట! సీమలో పౌరుషం చూడాలంటే తిర్నాలలో బండలాగుడుకు పోవాలి. అక్కడ ఎద్దుల్ని బరిలోకి వదిలేముందు నోరు తెరిపించి పళ్లు లెక్కపెడతారు. పాలపళ్లవి ఒక విభాగం, రెండు పళ్లవి ఇంకొకటి, నాలుగు, ఆరు, ఆ పైన సీనియర్లు. పళ్లను బట్టి బండ. పాలపళ్ల కోడెకు సీనియర్ల బండ కడితే ఆ రైతును తిర్నాల తిర్నాలంతా కలిసి కొడుతుంది. పదో తరగతి పిల్లోడికి రెండు క్వింటాళ్ల బండి తాళాలిచ్చిన నాయనను మాత్రం ఎవరూ ఏమీ అనరు. మోటారు వాహనాల చట్టం అంటుంది లెండి: 2019 సవరణలో చేర్చిన 199ఎ సెక్షను ప్రకారం మైనరు బండి తోలి నేరం చేస్తే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, పిల్లోడికి 25 ఏళ్లొచ్చే దాకా లైసెన్సు లేదు. ఆ సెక్షను చదివిన నాయనలను నేనింకా కలవలేదు. బండి కాగితాల్లో టాప్ మోడల్ అన్న మాట దగ్గరే చదువు ఆపేస్తారు.

మొన్న శివరాత్రి తిర్నాలలో మా బంధువుల పిల్లోడు కనిపించాడు. కుడి చేతికి పుత్తూరు కట్టు, మెడలోంచి వేలాడే తువ్వాలలో ఆ చెయ్యి. పక్కన ఎద్దుకు ఉలవలు పెడుతున్న పెద్దాయన అడిగాడు, “ఏమైందబ్బీ?”

“బండి లేపినా తాతా.”

“ఎంత బరువుంటాది?”

“నూటా తొంభై ఒక్క కిలోలు.”

పెద్దాయన ఉలవల చెయ్యి పంచెకు తుడుచుకుని, వాడి గడ్డం పట్టుకున్నాడు.

“యాదీ, నోరు తెరు.”