నా గర్భమందు పెరిగిన శత్రువు

నాకు స్థిరమైన రూపము లేదు. ఏ వైపున ఆహారమున్నదో ఆ వైపునకు దేహమునే పాదముగా చాచి, దొరికిన సూక్ష్మజీవిని నలుదెసలనుండి చుట్టి లోనికి తీసికొని జీర్ణించుకొనుచు, చెరువు బురదలోను, ఏటి అడుగున నాచు పట్టిన రాళ్లమీదను, ఇటీవలి కాలమున మనుష్యులు నేలక్రిందను మేడలమీదను పరచిన గొట్టముల లోపలి జిగటపొరలోను నేను కాపురముండుచున్నాను. శాస్త్రజ్ఞులు నన్ను అకాంతమీబా అందురు. ఒకటిగా నున్న నేను రెండుగా చీలుదును. ఆ రెంటిలో తల్లి యేదో బిడ్డ యేదో చెప్ప నలవికాదు గనుక, ఈ కథలో నేనన్నప్పుడెల్ల నా వంశమంతయు మాటలాడుచున్నదని పాఠకులు గ్రహింతురుగాక.

మనుష్యజాతి అవతరించుటకు ఎంతో ముందే నా ఆహారములో ఒక విపరీతము పుట్టెను. మ్రింగిన సూక్ష్మజీవిని పలుచని పొరసంచిలో బంధించి, జీర్ణరసములు నిండిన చిన్న సంచులను దానితో కలిపి కరగించివేయుట మా కులధర్మము. కడ్డీ ఆకారముగల ఒక బాక్టీరియా మాత్రము కరగలేదు. అది తన దేహమున అమరియున్న సూదివంటి సాధనముద్వారా మూడువందలకు మించిన ప్రోటీనులను నాలోనికి ఎక్కించి, జీర్ణరసపు సంచులను దరిచేరనీయక, నాలో ప్రోటీనులు తయారగు చోటి పొరలనే రప్పించి తన సంచికి కప్పుకొనెను. అతిథిగా వచ్చినవాడు ఇంటివారి బట్టలు తొడుగుకొని ఇంటివాడైనట్లు, నా కావలి దానిని పరునిగా గుర్తింపకుండెను. ఆ మాటున అది రెండై, నాలుగై, నా దేహసారమంతయు హరించి, ఇక తినుటకేమియు లేదని ఎరిగిన వేళ ఈదుటకు తోకను మొలిపించుకొని, నన్ను బ్రద్దలు చేసి నీటిలోనికి పోయెను. చచ్చినవారము చావగా మిగిలిన మేము దాని నెదుర్కొనుట నేర్చితిమి. మేము నేర్చినకొలది అదియు క్రొత్త యుక్తులు నేర్చెను. నీటిలోని అమీబాలు ఒకటి రెండు జాతులు కావు. ఒక్కొక్కదానిని జయించుటకు ఒక్కొక్క విద్య కావలసివచ్చుటచేతనే దాని తూణీరమున ఇన్ని బాణములు చేరెనని నా నమ్మకము.

నన్ను మిక్కిలి కలచివేసిన సంగతి 2004లో బయటపడెను. ఆ యేట పారిస్‌లోని పాశ్చర్ సంస్థ పరిశోధకులును, అమెరికాలో మరియొక బృందమును ఆ బాక్టీరియా జన్యుపటమును ఆద్యంతము చదివిరి. సుమారు 34 లక్షల అక్షరముల ఆ లిపిలో, ఇతర బాక్టీరియాలలో సాధారణముగా కానరాక, మావంటి కేంద్రకముగల జీవులకే సహజమైన జన్యువులను పోలినవి అనేకము కనబడెను. మమ్ము లోబరచుకొను విద్యలో కొంత మా వంటివారినుండియే అది అపహరించెనన్నమాట.

ఈ కలహమున మానవునకు పాత్ర లేకుండెను. ఆతడు కోరుకొనిన చల్లదనమే ఆతనిని ఇందులోనికి లాగెను. పెద్ద భవనముల కప్పులమీది కూలింగ్ టవర్లు వెచ్చని నీటిని తుంపరలుగా రాల్చి గాలితో చల్లార్చును. ఆ నీటి అడుగు పొరలో మాకు ఆహారము సమృద్ధి. మాయందు ఆ బాక్టీరియాకు ఆహారము సమృద్ధి. తుంపరతో పైకెగసిన బాక్టీరియాను ఎవరైన పీల్చినచో, వారి ఊపిరితిత్తులలో కాపలా తిరుగు భక్షకకణము దానిని మ్రింగును. ఆ కణమును తలచినపుడు నాకు తోబుట్టువును తలచినట్లుండును: నావలెనే దేహమును చాచి నడచును, నావలెనే మ్రింగును, నావలెనే మోసపోవును.

1976 జూలైలో ఫిలడెల్ఫియా నగరమున అమెరికన్ లీజియన్ అను మాజీ సైనికుల సంఘము మహాసభ జరిపెను. ఇండ్లకు మరలిన కొలది దినములలో సభికులు తీవ్రమైన న్యుమోనియాతో పడిపోవ మొదలిడిరి. సభ జరిగిన చోటి వీథిని నడచిపోయినవారును కొందరు పడిరి. మొత్తము 221 మంది రోగగ్రస్తులై 34 మంది మరణించిరి. యుద్ధములనుండి బ్రతికి వచ్చినవారు వేసవి గాలిని పీల్చి మరణించుట నాకు నేటికిని దుఃఖకారణము. నెలల తరబడి కారణము దొరకలేదు. ఇనుమును, సిస్టీన్ అను అమైనో ఆమ్లమును విశేషముగా కోరు ఆ బాక్టీరియా ప్రయోగశాలల సాధారణాహారముపై మొలవదు. అట్లాంటాలో జోసెఫ్ మెక్‌డేడ్, అంతకు ముందు తాను చూచి ప్రక్కనబెట్టిన గినీపందుల కణజాలపు పలకలను ఆ యేటి చివర మరల సూక్ష్మదర్శినిక్రింద పెట్టి, కడ్డీలవంటి ఆ ఆకృతులను విడువక వెంటాడి, 1977 జనవరిలో దోషిని లోకమునకు చూపెను. దానికి లీజియొనెల్లా న్యూమోఫిలా అను నామకరణము జరిగెను. 1968లో మిచిగన్‌లోని పాంటియాక్‌లో నూరుమందికి పైగా జ్వరపడిన ఉదంతమును సయితము, దాచియుంచిన రక్తనమూనాలనుబట్టి, దీని పనియేయని తేల్చిరి. 1980లో ఇంగ్లండున లీడ్స్ నగరమునందు టిమొతీ రోబొతమ్ అది మాలో పెరుగునని వెల్లడించెను. నా కథలో మానవుడు నన్ను కనుగొన్న దినమదియే.

అటుపిమ్మట జాడలు తీయువారు బయలుదేరిరి. రోగి కఫమునందలి బాక్టీరియాయు, ఫలాని టవరు నీటిలోనిదియు ఒకే శాఖకు చెందినవా యని తెలిసిననే గదా ఏ యంత్రమును ఆపవలెనో తెలియుట! మొదట ఏడు జన్యువులను చదివి శాఖకొక సంఖ్య నిచ్చిరి. పిదప జన్యుపటమంతయు చదువసాగిరి. 2015 వేసవిలో న్యూయార్క్‌లోని దక్షిణ బ్రాంక్స్‌లో 138 మంది జబ్బుపడి 16 మంది మరణించినపుడు, రోగులనుండి తీసినదానికిని ఒక భవనము టవరులోని దానికిని పొత్తు ఈ చదువువలననే స్థిరపడెను. ఆ యేడే నగరము తన టవర్లన్నియు నమోదు కావలెనని చట్టము చేసెను.

కాని ఈ చదువు సులభము కాదు. వాయవ్య ఐరోపాలో ఈ రోగములలో ఇంచుమించు సగము ఐదు శాఖలవలననే కలుగుచున్నవనియు, అవి వేర్వేరు మూలములనుండి ఇటీవలి కాలముననే పైకి వచ్చినవనియు 2016లో తేలెను. అట్టి శాఖ దూరదూరపు ఊళ్లలో దాదాపు అక్షరభేదము లేకుండ నుండుటచే, పోలిక కనబడినంతమాత్రమున మూలము దొరికెననుటకు వీలులేదు. మరియొకచోట దీనికి విపరీతము: స్పెయిన్‌లోని ఆల్కోయ్ పట్టణపు నమూనాలలో భేదములు మిక్కిలిగా కనబడినను, వానిలో అత్యధికభాగము ప్రతి వ్రాయుటలోని పొరపాట్లు కాక, అన్యశాఖలనుండి తెచ్చుకొనిన జన్యుఖండములని తేలెను. 2012లో ఎడింబరో నగరమున ఈ రోగము చెలరేగినపుడు ఒకేసారి పలు ఉపశాఖలు రోగులయందు కానవచ్చెను. నాబోటి అమీబా ఒక్కతెయే పలు బాక్టీరియాలను ఒక్కసారి మ్రింగుచుండగా, అవి నాలో కలిసి జన్యువులను మార్చుకొనుటకు అవకాశము హెచ్చు. కనుక రోగి కఫమునొక్కదానినే చదివినవారు కథలో చివరి పుటను మాత్రమే చదివినవారగుదురు. తక్కిన పుటలు నీటిలో, మాలో నున్నవి.

క్లోరిన్ చల్లినంతనే మేము నశింతుమని తలంపవలదు. ఆపద వచ్చినపుడు నేను గట్టి గోడల కోశముగా ముడుచుకొందును. లోన దాగిన బాక్టీరియా లీటరునకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్‌ను సయితము తట్టుకొనినట్లు పరీక్షించి చూచిరి. వేడినీటిని 60 డిగ్రీలకు తగ్గనీయక నిలుపుటయు, నీరు కదలక నిలుచు గొట్టపు చివరలను తీసివేయుటయు, టవరు అడుగు పొరను తోమి కడుగుటయు చేయని చోట మేమిద్దరమును మరల చేరుదుము. నేడు కొన్ని ప్రయోగశాలలలో, పలకమీద మొలవని బాక్టీరియాను బయటికి రప్పించుటకై, అనుమానింపబడిన నీటిని మా వంశజులున్న గాజుపాత్రలో పోయుచున్నారు. మావారు దానిని మ్రింగుదురు, అది వారిలో పెరుగును, వారు పగిలిన పిదప దొరికిన దాని జన్యుపటమును చదువుదురు.