నాచారం ట్రాన్సిస్టర్ ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్నది నాచారం పారిశ్రామికవాడలో ఒక లేత్ షాపు అలమర మీదుండే ట్రాన్సిస్టర్. మూడు బ్యాండ్ల సెట్టు: ఒకటి మీడియం వేవ్, రెండు షార్ట్ వేవ్. ఎఫ్‌ఎం లేదు. ఇది ‘నేను’ అని చెప్పుకోదు. పాటలు వేసే ఆకాశవాణి అనౌన్సర్లు చాలా కార్యక్రమాల్లో తమ పేరే చెప్పేవారు కారు. ఏళ్ల తరబడి వాళ్ల గొంతులు మోసిన పెట్టెకు ఆ అలవాటే అబ్బింది.

మూత విప్పితే లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దాని మీద సన్నటి రాగి తీగ చుట్ట కనిపిస్తాయి. మీడియం వేవ్‌ను పట్టేది ఆ కడ్డీయే. దానికి దిక్కు పట్టింపు ఎక్కువ: సెట్టును ఒక వైపు తిప్పితే 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ కేంద్రం ఖంగున పలుకుతుంది, ఇంకాస్త తిప్పితే నీరసిస్తుంది. పక్కన లేత్ మోటారు స్విచ్ వేస్తే పాట నిండా చిటపటలే. ఏఎం ప్రసారంలో ధ్వని తరంగం ఎత్తులో దాగి ఉంటుంది, స్విచ్చు దగ్గర పుట్టే నిప్పురవ్వ ఆ ఎత్తునే చెడగొడుతుంది. షార్ట్ వేవ్‌కు మాత్రం ఏరియల్ పైకి లాగాలి, పొద్దుపోయే దాకా ఆగాలి. చీకటి పడ్డాక పై వాతావరణంలోని అయనోస్పియర్ దూరదేశాల తరంగాలను మెరుగ్గా కిందికి తిప్పి పంపుతుంది.

ఈ సెట్టు పుట్టకముందే ఒక తగాదా నడిచింది. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు గట్టి కోత పెట్టారు. శ్రోతలు ముల్లును రేడియో సిలోన్ మీదికి జరిపారు. అక్కడ వ్యాఖ్యాతలుగా హిందీకి అమీన్ సయానీ ఉంటే, తెలుగు పాటలకు మీనాక్షీ పొన్నుదురై ఉన్నారు. పోయిన శ్రోతలను వెనక్కి రప్పించడానికి 1957 అక్టోబర్ 3న ఆకాశవాణిలో వివిధ భారతి మొదలైంది. అంటే ఇప్పుడు ఊరంతా మోగే సినిమా పాట ఒకప్పుడు దొంగచాటు సరుకు. సర్కారు వారి సంగీతం వేరే. సినిమా పాటకు బదులుగా ఆకాశవాణి పెంచిన లలిత సంగీతం మాత్రం వట్టిపోలేదు. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం లాంటి వాళ్లు సినిమాతో పనిలేని తెలుగు పాటకు ఒక దారి వేశారు. అనౌన్సర్ రచన ఎవరిది, స్వరకల్పన ఎవరిది, గానం ఎవరిది అని చెప్పి తప్పుకునేవాడు. వ్యాఖ్యాత పనిలో సగం అదే, ఇప్పటికీ.

మిగతా సగం షార్ట్ వేవ్‌లో దొరికింది. బీబీసీలో జాన్ పీల్ 1967లో రేడియో వన్ మొదలైన నాటి నుంచి 2004 అక్టోబర్‌లో పెరూలో చనిపోయే దాకా పాటలు వేశాడు. ఆయన కార్యక్రమం వరల్డ్ సర్వీస్‌లోనూ వచ్చేది. పంక్ పక్కన రెగ్గే, దాని పక్కన ఆఫ్రికా గిటార్, ఆ వెనకే ఎవరూ వినని కుర్రాళ్లు పంపిన టేపు. వరస ఊహకు అందదు, కానీ వేసినవాడికి ఆ పాట నచ్చిందని గొంతులో తెలిసిపోతుంది. అప్పుడప్పుడు రికార్డును తప్పుడు వేగంతో వేసేవాడు కూడా. నీట్‌గా అచ్చువేసినట్టు మాట్లాడే వ్యాఖ్యాతలకన్నా ఇలాంటివాడి మాటే నమ్మబుద్ధి అవుతుంది.

2006లో హైదరాబాద్‌కు ప్రైవేటు ఎఫ్‌ఎం వచ్చింది. షాపులో కుర్రాళ్ల సెల్‌ఫోన్లలో అది మోగడం, అలమర మీది సెట్టు మూగబోవడం దాదాపు ఒకేసారి జరిగాయి. కొత్త కేంద్రాల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా సినిమా పాటే. కేస్కర్ కాలంలో గోడ దూకి వచ్చినదే ఇప్పుడు ఇంటి యజమాని అయింది. పాట ఎత్తుగడ మీదే ఆర్జే మాట్లాడతాడు, రాసినవారి పేరు వినపడదు.

సినిమాయేతర సంగీతానికి మిగిలిన చోటు కమ్యూనిటీ రేడియో. 2006 నవంబర్ నాటి విధానంతో విద్యాసంస్థలతో పాటు స్వచ్ఛంద సంస్థలకూ లైసెన్సులు తెరుచుకున్నాయి. కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారవ్వాలి, సొంత వార్తలు చదవకూడదు, ప్రసార శక్తి సాధారణంగా 100 వాట్లు దాటకూడదు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం 2011లో 90.4 మీద ‘బోల్ హైదరాబాద్’ ప్రారంభించింది. అంత శక్తితో తరంగం మహా అయితే పది, పదిహేను కిలోమీటర్లు వెళుతుంది. నాచారం అక్కడికి సూటి దూరంలోనే పాతిక కిలోమీటర్లు. ఈ సెట్టుకు ఎఫ్‌ఎం బ్యాండ్ ఉన్నా నాచారంలో అది పలికేది కాదు.