ఆ 384 మంది

మేనేజ్‌మెంట్ పీహెచ్‌డీల్లో ఒక అంకెకు చిరంజీవత్వం దక్కింది. అంశం హైదరాబాద్‌లో మొబైల్ చెల్లింపులు కావచ్చు, కోస్తాలో ఆన్‌లైన్ షాపింగ్ కావచ్చు, అభిప్రాయం అడిగేది చాలాసార్లు 384 మందినే. 1970లో క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు అమెరికన్లు ఎంత జనాభాకు ఎంత శాంపిల్ కావాలో ఒక పట్టిక వేసిపెట్టారు. పది లక్షల మందికి 384 చాలని ఆ పట్టిక ముగుస్తుంది. ఆపైన జనం ఎంత పెరిగినా అంకె దాదాపు కదలదు.

లెక్కలో తప్పేమీ లేదు. దానికో షరతు మాత్రం ఉంది: జనాభాలో ప్రతి మనిషికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలి. స్కాలరు పద్ధతి వేరు. హాస్టల్ వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫామ్ లింకు పడేసి, ‘అన్నా, రెండు నిమిషాల పనే, కాస్త నింపి పెట్టండి, మీ గ్రూపుల్లో కూడా వెయ్యండి’ అని దండం ఎమోజీ పెడతాడు. నింపేవాళ్లలో చాలామంది రేపు ఇదే సాయం అడగబోయే స్కాలర్లే. థీసిస్‌లో దీన్ని కన్వీనియన్స్ శాంప్లింగ్ అంటారు. కన్వీనియన్స్ ఎవరిదో రాయరు.

ఇక ప్రశ్నావళి. ‘ఈ యాప్ నాకు ఉపయోగపడుతుంది.’ దాని కింద, ‘ఈ యాప్ వల్ల నాకు ప్రయోజనం ఉంది.’ దాని కింద, ‘మొత్తం మీద ఈ యాప్ ఉపయోగకరమని భావిస్తున్నాను.’ ప్రతిదానికీ అయిదు గడులు. ‘ఇందాకే చెప్పాను కదా’ అనే గడి మాత్రం ఉండదు. ఒకే ప్రశ్న మూడుసార్లు చొక్కా మార్చుకుని రావడం పొరపాటున జరిగేది కాదు. 1951లో క్రోన్‌బాక్ పేరు మీద స్థిరపడిన ఆల్ఫా అనే కొలత, జవాబులు ఒకదానితో ఒకటి ఎంత కలిస్తే అంత పెరుగుతుంది. అది 0.7 దాటితే గైడు గారికి నిశ్చింత. ఇరవయ్యో ప్రశ్న నుంచి చదవడం మానేసి వరసగా ‘అగ్రీ’ నొక్కుకుంటూ పోయే మహానుభావులు ఆ ఆల్ఫాకు చేసే సేవ, ఆలోచించి జవాబిచ్చేవాళ్ల వల్ల కాదు.

ఇంతా చేసి తేల్చేదేమిటంటే, ఉపయోగం ఉందనుకున్నవాళ్లు వాడతారు, తేలిగ్గా ఉందనుకున్నవాళ్లు మరింత వాడతారు. కొండను తవ్వి పట్టిన ఆ ఎలుకకు పీ-వాల్యూ 0.05 కన్నా తక్కువ.

ఈ పాపాన్ని, ఉపయోగం-తేలిక నమూనాకు మూలమైన ఫ్రెడ్ డేవిస్‌కు అంటగట్టడం అన్యాయం. ఆఫీసులో పెట్టిన కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఉద్యోగులు ఎందుకు వాడతారో, ఎందుకు ముట్టుకోరో తేల్చడానికి ఆయన 1989లో ఈ నమూనా వేశారు. టొరంటోలోని ఐబీఎం ల్యాబ్‌లో ఈమెయిల్ వాడేవాళ్లను అడిగారు. అప్పటికది కొత్త సంగతి. ఆయనతో కలిసి పేపర్లు రాసిన రిచర్డ్ బగోజీయే 2007లో, ఇది మరీ సరళమైపోయింది, దారి మార్చండి అని రాశారు. దారి మారలేదు, యాప్ పేరు మారుతోంది.

యూపీఐ సంగతే చూడండి. 2016లో వచ్చింది. ఆ ఏడాదే నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవన్నారు. ఏటీఎం ముందు బారులో నిలబడ్డ మనిషికి ఉపయోగం ఎంత అనిపించిందో గడుల్లో కొలవక్కర్లేదు. 2020 జనవరి నుంచి యూపీఐ మీద దుకాణదారుడు కట్టాల్సిన ఎండీఆర్ రుసుమును సున్నా చేశారు. కొబ్బరిబోండాల బండికీ క్యూఆర్ కోడ్ వేలాడింది. కిరాణా కొట్టులో చిల్లరకు బదులు చాక్లెట్లు పుచ్చుకుని విసిగిన జనం ఫోను తీశారు. ‘చిల్లర లేదు, స్కాన్ చేసెయ్యండి’ అని కొట్టువాడు కసిరితే యాప్ వేయించుకున్నవాళ్లూ ఉన్నారు. కసురుకోవడానికి నమూనాలో బాక్సు లేదు.

లాయల్టీ అధ్యాయం ఇంకా రసవత్తరం. రిచర్డ్ ఆలివర్ 1999లో దానికి నాలుగు మెట్లు కట్టారు: ముందు బుర్రకు నచ్చాలి, తర్వాత మనసుకు, ఆపైన మళ్లీ కొనాలన్న నిశ్చయం, చివరికి అడ్డంకులు దాటుకుని మరీ కొనడం. 2017లో గూగుల్ చెల్లింపుల యాప్ తేజ్ వచ్చినప్పుడు బంధువర్గమంతా ఈ మెట్లన్నీ ఒక్క అంగలో ఎక్కేసింది. ఒకరిని చేర్పిస్తే చెరో 51 రూపాయలు మరి! ఏళ్లుగా మాటల్లేని తోడల్లుడికి కూడా లింకు వెళ్లింది. ‘మీ మిత్రులకు సిఫారసు చేస్తారా?’ అన్న ప్రశ్నకు సున్నా నుంచి పది దాకా వేసే మార్కే కంపెనీ ఎదుగుదలకు కొలమానమని ఫ్రెడ్ రైకెల్డ్ 2003లో చెప్పారు. ఆ వారం అడిగి ఉంటే తోడల్లుళ్లిద్దరూ పదికి పది వేసేవారు. స్క్రాచ్ కార్డులో ‘బెటర్ లక్ నెక్స్ట్ టైమ్’ కనబడ్డాక అడగకపోవడమే మర్యాద.

మార్కుకు బోనస్ ముడిపెట్టి తన కొలతను పాడుచేశారని 2021లో రైకెల్డే వాపోయారు. ఆ ముడి ఎలా ఉంటుందో వాషింగ్ మెషిన్ బాగుచేయించుకున్న ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది.

‘మేడమ్, కంపెనీ నుంచి మెసేజ్ వస్తది. పదికి పది ఇయ్యండి. తొమ్మిదిచ్చినా నా ఇన్సెంటివ్ కట్ చేస్తరు.’

‘అదింకా నీళ్లు కారుతూనే ఉంది కదా బాబూ?’

‘దానికి రేపొస్త మేడమ్. ముందు పది నొక్కండి.’