కాళ్లు తడవని సేద్యం

ఒరేయ్ అబ్బాయ్, మా రోజుల్లో చేనుకి మందు కొట్టడమంటే పొద్దస్తమానం పని. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు. బోదెలోంచి బిందెతో తోడి, గుడ్డలో వడగట్టి, ట్యాంకు నింపి వీపుకెత్తుకుని, ఒక చేత్తో లివరు కొడుతూ ఇంకో చేత్తో గొట్టం ఆడిస్తూ మోకాల్లోతు బురదలో పడి పోవాలి. సాయంత్రానికి భుజాల మీద పట్టీల అచ్చు ఎర్రగా తేలేది. అది చూసుకుని మురిసిపోయేవాళ్లం కూడాను. మీకేమో వీపు మీద ఒక ల్యాప్‌టాపు బ్యాగు, దానికే నడుంనొప్పి!

ఇప్పుడు చూడు, గట్టున ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని రిమోటు నొక్కే కుర్రాడొకడు. చెప్పులకి బురద కూడా అంటదు. పది లీటర్ల మందునీళ్లతో డ్రోను లేస్తుంది, చుట్ట ఆరేలోపు ఎకరం అయిపోయిందంటాడు. పొద్దుగూకాక కూడా మన రావులపాలెం చేల మీద ఎర్రదీపం, పచ్చదీపం వేసుకుని గుయ్యిమంటూ తిరుగుతాయి. ఎందుకురా ఈ రాత్రి తిరుగుళ్లు అంటే, "ఈ వేళకి గాలి పడిపోద్ది తాతగారూ, మందు పక్క చేలోకి కొట్టుకుపోదండి, ఆయ్" అంటాడు. గౌతమి ఒడ్డున పుట్టి పెరిగిన నాకు గాలి పాఠం చెబుతున్నాడు!

పైగా ఇదంతా మీరే కనిపెట్టినట్టు పోజు. 1921లోనే అమెరికాలోని ఒహాయోలో మెక్‌రెడీ అనే సైనిక పైలట్ విమానంలోంచి చెట్ల పురుగు మీద మందుపొడి చల్లాడు. కాలిఫోర్నియా, ఆరిజోనా వైపు రాత్రిపూట దీపాలు వేసుకుని మరీ పొలాల మీద ఎగురుతారట. రాత్రి గాలి నెమ్మదిస్తుంది, తేనెటీగలు గూటికి చేరతాయి, వాటికి హాని తక్కువని. ఈగల కోసం మనిషి నిద్ర మానుకున్నాడన్నమాట. మనవాళ్లూ తక్కువ తినలేదు. బెంగళూరు హెచ్.ఏ.ఎల్. వాళ్లు బసంత్ అని మందు చల్లే విమానమే తయారుచేసి 1972లో ఎగరేశారు. మన చేల మీద మాత్రం నేనెప్పుడూ చూళ్లేదు. ఎలా వస్తుంది? ఇటు కొబ్బరిచెట్లు, అటు అరటితోట, అడ్డంగా కరెంటు తీగలు. రాకపోవడమే మంచిదైంది. కేరళలోని కాసరగోడులో జీడితోటల మీద హెలికాప్టర్లతో ఏళ్ల తరబడి ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లితే జనం ఎలా రోగాలపాలయ్యారో అందరం చూశాం. 2011లో సుప్రీంకోర్టు వద్దనేదాకా ఆ మందు అమ్ముతూనే ఉన్నారు.

మా రాత్రి సేద్యం వేరు. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, కాస్త కిరసనాయిలు చుక్క వేసి, మధ్యలో ఇటుక మీద లాంతరు పెట్టేవాళ్లం. వెలుగుకి వచ్చిన పురుగు పళ్లెంలో పడేది. పెద్దాళ్లు చుట్టలు ముట్టించి వాడపల్లి తీర్థం కబుర్లు మొదలెడితే మేం గట్టు మీదే నిద్రపోయేవాళ్లం. తెల్లారి మా నాన్న పళ్లెంలోకి తొంగిచూసి, ఏ పురుగు ఎంత పడిందో లెక్కగట్టి, మందు కావాలో అక్కర్లేదో తేల్చేవాడు. మీకు ఆ లెక్కే లేదు. పక్కోడు కొట్టాడా, మనమూ కొట్టాలి!

అసలు వరిని పీల్చే సుడిదోమ ఎక్కడుంటుందిరా? దుబ్బు మొదట్లో, నీళ్ల మీద జానెడెత్తున. మీరు ఆకాశంలోంచి ఆకుల మీద చల్లి, దోమ చావలేదని మళ్లీ చల్లుతారు. రెండేసి మీటర్లకి ఒక కాలిబాట తియ్యండి, నీరు తీసి చేను ఆరగట్టండి, యూరియా తగ్గించండి అని మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్లు చెవినిల్లు కట్టుకుని పోరుతున్నారు. అవి ఫోనులో నొక్కితే అయ్యే పనులు కావుగా, మీకెందుకు ఎక్కుతాయి!

సరే, మా రోజులన్నీ బంగారమేం కాదులే. మంచు ఆరకముందే గమాక్సిన్ పొడి పల్చటి గుడ్డలో మూటగట్టి, కర్రతో తట్టుకుంటూ చల్లేవాళ్లం. మూతికి గుడ్డా లేదు, చేతికి తొడుగూ లేదు. ఇంటికొచ్చి ఆ చేత్తోనే తరవాణి తాగేవాళ్లం. 1997లో దాన్ని నిషేధించారంటే ఊరికే కాదు. ఇప్పుడు మహిళా సంఘాలకి 15,000 డ్రోన్లంటూ 2023లో కేంద్రం పథకం పెడితే నవ్వాను గానీ, నాట్లకీ కలుపులకీ వంగి నడుం పోగొట్టుకున్న మీ నాయనమ్మ నవ్వలేదు. ఆవిడ ముందు డ్రోను మాట ఎత్తడం మానేశాను.

అంచేత ఎగరేసుకోండి, ఎవరొద్దన్నారు? ముందు ఒక్కసారి చేలో దిగి, దుబ్బు వంచి, మొదట్లో తట్టి చూడు. 10కి పైన దోమలు నీళ్ల మీద పడితే ఆ కుర్రాణ్ణి పిలు. పడలేదనుకో, ఆ డబ్బులు మిగిలినట్టే. ఆత్రేయపురం పక్కనేగా, రెండు డబ్బాలు పూతరేకులు పట్టుకురా. నేను తెమ్మన్నానని మాత్రం ఇంట్లో చెప్పకు, షుగరంటూ గోల చేస్తారు. మా రోజుల్లో ఆ రోగం పేరు కూడా తెలీదు.